ఆరు సద్దుల దూరం

"కిలోమీటర్లు నాకెందుకే, ఎన్ని సద్దులు పడ్తయో చెప్పు" అంది మా అక్క. అగర్తలాలో ఉద్యోగం చేసే తమ్ముడికి బిడ్డ పుడితే, పురుటికి మొగుళ్లపల్లి నుంచి మేమిద్దరం మొదటిసారి విమానంలో వెళ్తున్నాం. దారిలో తిండి మూట ఎన్నిసార్లు విప్పితే అన్ని సద్దుల దూరమని మా వైపు లెక్క. ఫోన్‌లో రెండు వేల పైచిలుకు కిలోమీటర్లని ఉంది. గంటలు చూడకుండానే "ఆరక్కా" అన్నాను.

విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి మూట విప్పించింది. దొంతరలుగా జొన్నరొట్టెలు. వెనక వరుసంతా మమ్మల్నే చూస్తోంది.

"తొవ్వ దూరమున్నది బిడ్డా, నువ్వు గూడ రెండు తీస్కో" అంది అక్క.

నేను సిగ్గుతో, ఆమె నా మనిషి కానట్టు రెండడుగులు పక్కకు జరిగాను.

రెండున్నర గంటల్లో దిగాం. అక్క ఒళ్లో మూట అలాగే ఉంది.

"ఒక్క సద్ది దూరం గూడ లేకపాయె. గింత దగ్గరని ఎరుకుంటే తమ్ముణ్ణి ఎన్నిమాట్ల సూసొద్దునో" అంది.

అక్క పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు విమానమెక్కినా నా ఒళ్లో రొట్టెల మూట ఉంటుంది. ఎవరు చూసినా పక్కకు జరగను.