సీటు కింద పసుపు గుడ్డ

కారు సామాన్ల కొట్టులో నిలబడి బ్రష్షుల్ని చెంపకు రుద్దుకుని చూసే మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ శనివారం ఆ మనిషిని నేనే. ఏది మెత్తగా ఉందో వేళ్ళకు తెలియడం లేదు, చెంపకైనా తెలుస్తుందేమోనని ఆశ. ఒకటి రుద్దుకోవడం, పెట్టేయడం, ఇంకోటి అందుకోవడం. పక్కన ట్రాలీ పట్టుకున్న మా అమ్మాయి నేనెవరో తనకు తెలియనట్టు ఎటో చూస్తోంది.

దానికి పదిహేడేళ్ళు. లెర్నర్ లైసెన్సు వచ్చి ఏడాదైంది. ఈ దేశంలో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నూట ఇరవై గంటలు నడిపితే గానీ డ్రైవింగ్ పరీక్షకు రానివ్వరు. అందులో సగం పైగా నడిపింది. ఆ తర్వాత తాళాలు నేను దాచేశాను. రెండు నెలలుగా ఒక్క గంట కూడా ముందుకు కదల్లేదు. యూనివర్సిటీలో చేరేలోగా లైసెన్సు రాకపోతే మేముండే స్కోఫీల్డ్స్ నుంచి రోజూ రెండు రైళ్ళూ ఒక బస్సూ మారాలి. అది తెలిసి కూడా తాళాలు ఇవ్వలేదు. కారణం, గీతలు.

మా కారు నలుపు. తెలుపు తీసుకుందామని మా ఆవిడ చెప్పింది, నేను వినలేదు. రెండు నెలల కిందట ఫాదర్స్ డే నాడు మా అమ్మాయి నేను లేచేలోపే కారు కడిగి, తళతళలాడించి, నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. ఎండ వాలుగా పడుతోంది. బానెట్ నిండా సన్నటి గీతలు. దేంతో కడిగావని అడిగాను. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి చూపించింది. ఒకవైపు మెత్తటి పసుపు, రెండోవైపు గరుకైన ఆకుపచ్చ పీచు.

"బట్ ఐ యూజ్డ్ ద సాఫ్ట్ సైడ్, నాన్నా!"

"గిన్నెలు తోమేదాంతో కారు తోముతారా ఎవరన్నా? బుద్ధుండక్కర్లా?" అని అరిచాను. గీతల సంగతి తేలేదాకా డ్రైవింగ్ లేదన్నాను. మాట అనేశాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. అదో జబ్బు.

అప్పట్నుంచి నాకు నిలకడ లేదు. ఆఫీసు మీటింగుల్లో మ్యూట్ పెట్టుకుని కార్లు కడిగే వీడియోలు చూశాను. రెండు బకెట్లు కొన్నాను, ఒకటి సబ్బు నీళ్ళకు, ఒకటి జాడించడానికి. అడుగున ఇసుక దిగిపోయేందుకు జల్లెడ లాంటి పళ్ళెం. చేతికి తొడుక్కునే ఊలు తొడుగు. దళసరి మైక్రోఫైబర్ తువ్వాళ్ళు, వాటిని ఇంట్లో బట్టలతో కలిపి ఉతకనివ్వను.

"పిల్ల పుట్టినప్పుడు కూడా ఇంత మెత్తటి గుడ్డలు కొన్లేదండీ మీరు" అంది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే గీతలు పెరుగుతున్నాయి. అమ్మాయి కారు ముట్టుకోవడం లేదు, అయినా పెరుగుతున్నాయి. తొడుగు మంచిది కాదనుకుని ఇంకోటి కొన్నాను. అదీ కాదనుకుని, ఇక బ్రష్షే గతి అని ఆ రోజు ఈ కొట్టుకు వచ్చాను.

కొట్టులో పనిచేసే ముసలాయన నా చెంప ప్రయోగం కాసేపు చూసి, "నీ కారు చూపించు మేట్" అన్నాడు. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా మేట్ అనే పిలుస్తారు. బయట ఎండలో బానెట్ మీదికి వంగి చూశాడు. గీతలన్నీ ఒకే వైపుకు, చెయ్యి ఎంత సాగితే అంత మేర ఉన్నాయని వేలితో చూపించాడు. రోజూ దీన్ని ఏం చేస్తావని అడిగాడు.

"ఏమీ చెయ్యను. పొద్దున్నే తుడుస్తాను, అంతే."

"నీళ్ళు పోసేనా?"

"నీళ్ళెందుకు? ఉత్త దుమ్మే కదా."

బండి తుడవడం మనకు ఒక పని కిందికి రాదు. గుంటూరులో నా మొదటి బైకు సీటు కింద ఒక పసుపు గుడ్డ ఉండేది. పొద్దున్నే దాన్ని తీసి, టపటపా దులిపి, ట్యాంకూ సీటూ అద్దాలూ తుడిచి గానీ కిక్కు కొట్టేవాణ్ణి కాదు. వీధిలో మగాళ్ళందరిదీ ఆ వేళకు అదే పని. తుడవని బండి ఎక్కడమంటే పళ్ళు తోముకోకుండా ఆఫీసుకు పోవడమే. ఇక్కడా నా డ్రైవరు సీటు కింద అలాంటి గుడ్డే ఉంది. మా వీధి చివర ఇంకా ఇళ్ళు కడుతున్నారు, లారీలు తిరుగుతూనే ఉంటాయి, తెల్లారేసరికి కారు మీద మట్టీ ఇసుకా. కడగడానికి ఏది మంచిదో వెతుక్కుంటూ ఊరంతా తిరిగాను గానీ, రోజూ తుడుస్తున్న సంగతి నా బుర్రలోకే రాలేదు.

ముసలాయన గుడ్డ తెమ్మని, ఎండలో ఒక్కసారి విదిలించాడు. ఇసుక రాలింది. "నువ్వు దీన్ని రోజూ గరుకు కాగితంతో రుద్దుతున్నావు మేట్" అని నవ్వాడు. ఇన్నాళ్ళూ తుడిచినా మిగిలిపోయే దుమ్ము పొర కింద కనపడని గీతలు, కారు శుభ్రంగా కడిగిన రోజున బయటపడ్డాయంతే అన్నాడు. నేను మా అమ్మాయి వైపు చూశాను.

"ఐ టోల్డ్ యూ" అంది. "ఆ క్లాత్‌తోనే గీతలు పడుతున్నాయని రెండుసార్లు చెప్పా నాన్నా. మెత్తగానే ఉంది, నీకేం తెలుసన్నావ్."

అన్నాను. గుర్తొచ్చింది. సిగ్గేసింది, ఆ ముసలాయన ముందు కాదు, దాని ముందు.

బ్రష్షు కొనలేదు. తాళాలు తీసి దాని చేతిలో పెట్టాను. అది భుజాన ఉన్న బ్యాగులోంచి, నేర్చుకునేవాళ్ళు పెట్టుకునే పసుపు రంగు ఎల్ ప్లేట్లు తీసి కారుకు ముందొకటి, వెనకొకటి తగిలించింది. రెండు నెలలుగా వాటిని బ్యాగులో పెట్టుకునే తిరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది.

పక్క సీట్లో కూర్చున్నాను. అద్దం మీద పల్చటి దుమ్ము. నా చెయ్యి అలవాటు కొద్దీ గుడ్డ కోసం వెతికింది. "డోంట్" అని, అది నీళ్ళు చిమ్మి వైపర్ వేసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండు సిగ్నళ్ళు దాటాం.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"ఐ నో."

"ఆ రోజు నువ్వు బాగానే కడిగావు."

రౌండబౌట్ వచ్చింది. ఆగి, కుడివైపు చూసుకుని, మెల్లగా దాటించింది. ఆ తర్వాత, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే అంది.

"నీ కోసం సిక్స్‌కే లేచా నాన్నా. నువ్వు గీతలే చూశావ్."

మా ఇంటి మలుపు వచ్చింది. అది బండి తిప్పలేదు, నేరుగా పోనిచ్చింది. నేనూ తిప్పమనలేదు.