ఏమవుతారని అడిగితే

మా మేనత్త పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం నేను తాడేపల్లిగూడెంలో పనిచేసే కాలేజీకి బయల్దేరుతుంటే టీచరు గారు ఫోన్ చేశారు. "అత్తయ్య వెళ్ళిపోయారమ్మా. నాన్నగారికి నువ్వే చెప్పు. నేను చెబితే బాగోదు," అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు. అలసట ఉంది.

అత్తయ్య ఏలూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యారు. టీచరు గారు అదే ఊళ్ళో హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, చివరిదాకా కలిసే ఉన్నారు. వీధిలో కొందరు అక్కాచెల్లెళ్ళు అనుకునేవారు, కొందరు స్నేహితులు అనుకునేవారు. ఒకరినొకరు "ఏవండీ" అని పిలుచుకునేవారు. మా వైపు కూరగాయలమ్మే ఆవిడని కూడా ఏవండీ అనే అంటాం కాబట్టి, అది విని ఎవరూ ఏమీ అనుకోలేదు.

నాన్నకు మాత్రం తెలుసు. ఆయన గణపవరంలో మా చర్చికి సంఘపెద్ద. వచ్చిన సంబంధాలన్నీ కాదని, "నాకు నా మనిషి దొరికింది అన్నయ్యా" అని చెల్లెలు చెప్పిన రోజు నుంచి ఆయన ఆ ఇంటి గడప తొక్కలేదు. క్రిస్మస్‌కి రమ్మని కబురు చేసేవారు, ఒక్కదాన్నే రమ్మని. అత్తయ్య వెళ్ళేవారు కాదు.

నేను ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు పడక తరచూ జ్వరం వస్తుంటే, అమ్మ నాన్నతో గొడవపడి మరీ నన్ను వాళ్ళింట్లో ఉంచింది. మోచేతుల దాకా సబ్బు రాసి చేతులు కడుక్కుంటే తప్ప అత్తయ్య ఎవరికీ అన్నం వడ్డించేవారు కాదు. చీర ఇస్త్రీ లేకుండా వీధిలోకి వెళ్ళేవారు కాదు. చేప ముల్లంటే టీచరు గారికి భయం. అందుకని చేపల పులుసు పెట్టిన రోజు అత్తయ్య ముళ్ళు తీసి ముక్కలు ఆవిడ కంచంలో వేసి, తర్వాత తను తినేవారు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోవడం నేను వినలేదు. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు ఎలా ఉండొచ్చో నేను చూసింది అక్కడే.

అత్తయ్యకు చూపు తగ్గాక, పొద్దున్నే టీచరు గారు పేపరు పైకి చదవడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళ కిందట, ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ మగవాళ్ళు మగవాళ్ళనీ పెళ్ళి చేసుకుంటే చట్టం ఒప్పుకోవాలా వద్దా అని ఢిల్లీలో పెద్ద కోర్టులో వాదనలు జరిగాయి. టీచరు గారు ఆ వార్తలు ఒక్క ముక్క వదలకుండా చదివారు. అత్తయ్య గోంగూర ఒలుచుకుంటూ వినేవారు. టీవీలో చర్చ మొదలైతే మాత్రం కట్టేయమనేవారు. "ఒకాయన సంస్కృతి అంటారు, ఇంకొకాయన హక్కు అంటారు. ఇద్దరూ అరుస్తారు. వింటుంటే నీరసం వస్తోందండీ."

తీర్పు వచ్చిన మర్నాడు నేను అక్కడే ఉన్నాను. టీచరు గారు మొదటి పేజీ తిప్పేసి, ధాన్యం రేట్ల దగ్గర మొదలుపెట్టారు.

"ముందు పేజీ వదిలేశారేంటండీ?" అన్నారు అత్తయ్య.

"ఏముందండీ అందులో. అది మా చేతిలో పని కాదు, చట్టాలు చేసేవాళ్ళు చూసుకోవాలి అన్నారు జడ్జీలు."

అత్తయ్య గోంగూర ఒలవడం ఆపారు. తర్వాత నా వైపు తిరిగారు. "నాకు బాజాలూ భోజనాలూ వద్దమ్మా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఐసీయూ తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని 'మీరేమవుతారండీ' అని అడిగాను. అడగాలి, అది రూలు. రేపు నేను లోపల పడుకుంటే, ఈవిడ ఏమని చెబుతారు?"

టీచరు గారు పేపరు మడిచి, కాఫీ తెస్తానని లేచారు.

ఈ ఏడు ఆ రోజు రానే వచ్చింది. అత్తయ్యకి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్ళేసరికి టీచరు గారు ఐసీయూ బయట బెంచీ మీద ఉన్నారు. తలుపు దగ్గరున్న సిస్టరు నన్ను అడిగింది. మేనకోడలినని చెప్పాను. పంపించింది. ఆవిడని కూడా పంపమంటే, "ఏమవుతారని అడిగితే ఆవిడ ఏమీ చెప్పలేదండీ. సొంతవాళ్ళనే పంపమన్నారు," అంది. చిన్నపిల్ల. ఆ పిల్లని ఏమంటాం.

లోపల అత్తయ్య మాస్కు కొంచెం జరిపి, "ఆవిడేరి?" అన్నారు.

"బయట ఉన్నారు అత్తయ్యా."

సిస్టరుని దగ్గరికి రమ్మన్నారు. "అమ్మా, నేనూ ఆ తలుపు దగ్గర నిలబడ్డదాన్నే. ఆవిడ నా మనిషి. ఇంతకంటే ఏం చెప్పాలో నాకు తెలీదు. పంపించమ్మా."

డాక్టరు గారి రౌండ్లు అయ్యాక ఆ అమ్మాయి పంపించింది. టీచరు గారు తడిగుడ్డతో అత్తయ్య చేతులు మెల్లగా తుడుస్తూ కూర్చున్నారు. ఆ రాత్రికి నేను తాడేపల్లిగూడెం వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే అత్తయ్య పోయారు.

వాళ్ళ అమ్మానాన్నల పక్కన గణపవరంలోనే సమాధి చేయాలన్నారు నాన్న. టీచరు గారు సరేనన్నారు. కాదనే అధికారం ఆవిడకి ఎవరిచ్చారు గనక. చేపల చెరువుల మధ్యనున్న మా సమాధుల తోటలో ఆవిడ అందరికంటే వెనక నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, మన్ను వేయమని నాన్నకు సైగ చేశారు. నాన్న వంగి గుప్పెడు మన్ను తీసుకున్నారు. వేయలేదు. వెనక్కి తిరిగి, "టీచరు గారూ, ముందు మీరు వేయండి," అన్నారు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడ ముందుకు రావడానికి కొంచెంసేపు పట్టింది. నాన్న తన గుప్పెట్లో మన్ను ఆవిడ చేతిలో పోశారు.

ఆయన మనసు మారిందని నేను చెప్పను. ఆ వారమే టీవీలో ఆ చర్చ వస్తే ఎప్పటిలాగే విసుక్కున్నారు. ఎందుకలా చేశారని నేను అడగనూ లేదు.

ఆ సాయంత్రం టీచరు గారిని ఏలూరులో దింపడానికి మా కార్లోనే బయల్దేరాం. నాన్న ముందు సీట్లో, మేమిద్దరం వెనక. గుండుగొలను దాటాక నాన్న కారు ఆపించి, రోడ్డు పక్కన కొబ్బరిబొండాలు కొట్టించారు. ఒకటి కిటికీలోంచి ఆవిడకి అందించి, "తాగండి, పొద్దుటి నుంచీ ఏమీ తీసుకోలేదు," అన్నారు. ఆవిడ రెండు చేతులతో అందుకున్నారు. ఏలూరు చేరేదాకా దాన్ని ఒళ్ళో అలాగే పట్టుకుని కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా ఒలక్కుండా దాని మీద అరచెయ్యి మూసేవారు.