ఖాళీ జేబులోంచి వచ్చిన గొంతు

దెయ్యాలు, గాలి, ధూళి, ఇవేవీ నేను నమ్మను. ఊరు వదిలి పనికోసం వచ్చి మేముంటున్న నవాగామ్‌లో, మా గల్లీలో ఏ పిల్లకు జ్వరం వచ్చినా నిమ్మకాయ తిప్పేవాళ్లున్నారు. వాళ్లతో చాలాసార్లు గొడవపడ్డాను. ఇది రాశానని తెలిస్తే వాళ్లు నన్ను బతకనివ్వరు. అయినా రాస్తున్నాను. నలుగురికీ చెబితే ఎవరైనా సరైన కారణం చెప్పకపోతారా, విని ఊరుకుంటాను కదా అని నా ఆశ. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మాది మరమగ్గాల కుటుంబం. మా ఆయన రాజేశం కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అనే అంటారు. నేను ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తాను. మా అత్తమ్మ, పదో తరగతి చదివే మా లావణ్య, మేమిద్దరం. ఇంతమందికీ కలిపి ఒకటే మంచి ఫోను. అది మా ఆయనది.

లాక్‌డౌన్‌లో కార్ఖానాలు మూతపడ్డప్పుడు ఆ ఫోను ఆయన చేతికి అతుక్కుపోయింది. మొదట్లో వార్తలు అన్నాడు. ఊరికి రైళ్లు ఎప్పుడు వేస్తారో చూస్తున్నాను అన్నాడు. తర్వాత వంటల వీడియోలు, పాములు పట్టే వీడియోలు, ఎవరో ఎక్కడో బావి తవ్వుతుంటే అది కూడా. కలిపిన అన్నం కంచంలోనే ఎండిపోయేది. పని లేని మనిషి, ఏం చేస్తాడులే అనుకున్నాను.

కార్ఖానా మళ్లీ తెరిచాక కూడా అలవాటు పోలేదు. నా భయం అప్పుడు మొదలైంది. సాంచా నడిపేవాడు దాని మీదినుంచి కన్ను తీయకూడదు. దారం తెగితే గుడ్డ పాడవుతుంది, అది పోనీ. ఒక్కోసారి, దారాన్ని అటూ ఇటూ మోసే షటిల్ దారి తప్పి బయటికి ఎగురుతుంది. దాని రెండు చివర్లకూ ఇనుప మొనలుంటాయి. మా పక్క గల్లీలో ఒకాయనకు అలాగే కన్ను పోయింది. ఇప్పుడాయన చాయ్ బండి పెట్టుకున్నాడు. మా ఆయన చేతిలో ఫోను పట్టుకునే సాంచాల మధ్య నిలబడుతున్నాడని, పక్క సాంచాల మీద పనిచేసే సత్తయ్య వచ్చి చెప్పాడు.

"వదినా, జర నువ్వే సమ్జాయించు. శేఠ్ చూస్తే పనికెల్లి తీసేస్తడు. శేఠ్ సంగతి ఇడిసిపెట్టు, కన్ను పోతే ఎవలిస్తరు?" అన్నాడు.

చెప్పి చూశాను. తిట్టాను. ఏడ్చాను. ఒకరోజు ఫోను బియ్యం డబ్బాలో దాస్తే, ఆయన ఇల్లంతా తిరగేసి పనికి ఆలస్యంగా పోయాడు. చివరికి లావణ్య, "మమ్మీ, దీనికి గూడ యాప్‌లుంటయ్" అంది. ఫోను జబ్బుకు మందు మళ్లీ ఫోనులోనే దొరుకుతుందట. వినగానే ఒళ్లు మండింది. కానీ ఇంకో దారి కనిపించలేదు. ఆయన కూడా సరే అన్నాడు. మానాలని ఆయనకూ ఉంది, పాపం, అది మాత్రం నిజం.

మొదటి యాప్‌లో ఒక కోడిపిల్ల ఉంది. ఫోను ముట్టుకోకపోతే అది పెరుగుతుంది, ముట్టుకుంటే దిగులు పడుతుంది. మా ఆయనకు ఆ కోడిపిల్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. అది ఎలా ఉందో చూడాలని గంట గంటకూ ఫోను తీశాడు. ఆ కోడిపిల్ల ఎప్పుడూ దిగులుగానే ఉండేది.

రెండోది ఎంతసేపు చూశావో హిందీలో హెచ్చరించేది. ఆయన ఆ హెచ్చరికలు సత్తయ్యకు చూపించి, నీకంటే నాదే ఎక్కువ అని గొప్పలు పోయాడు. మూడోది ఫోనును గట్టిగానే మూసేసింది. తెరవాలంటే లెక్క చేయాలి. ఆయన లావణ్యను పిలిచి లెక్క చేయించుకున్నాడు. ఆ పిల్ల తిరిగి నన్నే అడిగింది, "పప్పకు లెక్కలు రావు, నేనేం చెయ్యాలె?" అని. ఈ యాప్‌లు తయారుచేసినవాళ్ల ఇళ్లలో భర్తలు ఎలాంటివాళ్లుంటారో నాకు అర్థం కాలేదు.

నాలుగోది కొంచెం మేలనిపించింది. ఇంట్లో ఎవరి మాట వింటాడో వాళ్ల గొంతు అందులో రికార్డు చేయాలి. రోజుకు పెట్టుకున్న సమయం అయిపోగానే ఆ గొంతు వినిపించి ఫోను కాసేపు మూసుకుపోతుంది. మొదట నా గొంతు పెట్టాం. లాభం లేకపోయింది. పెళ్లయినప్పటినుంచీ వింటున్న గొంతు కదా, గోడ గడియారం చప్పుడు ఎంతో ఇదీ అంతే. అప్పుడు అత్తమ్మను కూర్చోబెట్టాం.

అత్తమ్మ కూడా ఒకప్పుడు కార్ఖానాలో దారం కండెలు చుట్టిన మనిషి. ఆ మోతలో పనిచేసినవాళ్లకు మెల్లగా మాట్లాడడం రాదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గల్లీ చివరున్న మనిషిని పిలిచినట్టు అరిచింది. "ఇగ చాలు కొడుకా. ఫోన్ బంద్ చేసి బువ్వ తిను." అంతే. ఆ ఒక్క మాటే రికార్డయింది. అది విన్న ప్రతిసారీ మా ఆయన నిజంగానే ఫోను కింద పెట్టేవాడు. ఇన్నాళ్లకు నా ప్రాణానికి కాస్త సుఖం దొరికింది.

ఇక అసలు సంగతి. ఒకరోజు లావణ్యకు ఆన్‌లైన్‌లో పరీక్ష ఉంది. ఫోను ఇంట్లో ఉంచమన్నాం. మా ఆయన సణుక్కుంటూ వదిలేసి పనికి పోయాడు. పరీక్ష మధ్యలో అత్తమ్మ అరుపు వినిపిస్తే ఇబ్బందని, ఆ యాప్‌ను నేనే ఆపేశాను. ఆపిందీ లేనిదీ లావణ్య ఇంకోసారి చూసుకుంది. ఈ సంగతి నేను గట్టిగా చెప్పగలను.

పరీక్ష సగంలో ఉండగా, చాయ్ పెట్టే వేళకు, ఫోనులోంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

"కొడుకా, వెనుకకు జరుగు."

ఒక్కసారే. ఫోను మూసుకుపోలేదు, పరీక్ష పేజీ అలాగే ఉంది. లావణ్య విసుక్కుంటూ గడప వైపు తిరిగి, "నానమ్మా, పేపర్ చాలూ ఉంది, నువ్వు నడుమల ఏంది?" అంది. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని కొత్తిమీర కట్టలు విప్పుతోంది. నోటినిండా ఆకు వక్క. చెయ్యి ఊపి తాను కాదని సైగ చేసింది. తర్వాత బయటికి పోయి ఉమ్మేసి వచ్చి, "నేనన్లే. గది నా తీరే ఒర్లింది గానీ నేనన్లే" అంది. ఆమె ముఖం చూస్తే నాకు నవ్వు రాలేదు.

నాకు వచ్చింది కోపమే. డబ్బా యాప్, పిల్ల పరీక్ష పాడుచేసింది అనుకున్నాను. లావణ్య ఎలాగో పరీక్ష పూర్తి చేసింది. తర్వాత ఆ యాప్ తెరిచి రికార్డు చేసిన మాటను మళ్లీ మళ్లీ విన్నాం. బువ్వ తిను అన్న మాట తప్ప అందులో ఇంకేమీ లేదు. ఏదో అటూ ఇటూ అతికి పలికిందా అంటే, వెనుకకు జరగడం అన్న మాటే అందులో లేదాయె.

మా ఆయన ఇంకా షిఫ్టు ముగియకముందే ఇంటికి వచ్చాడు. సత్తయ్య వెంట ఉన్నాడు. మా ఆయన మాస్కు కూడా తీయకుండా నేల మీద కూర్చున్నాడు. ఫోను కళ్లెదురుగానే ఉంది, అడగలేదు. ముందు ఆయన కళ్లు చూశాను, తర్వాత చేతులు. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆయన చెప్పింది ఇది. చాయ్ వేళ కావస్తోంది. తెగిన దారం కట్టడానికి సాంచా మీదికి వంగబోతున్నాడు. జేబులోంచి వాళ్లమ్మ గొంతు వినబడింది. ఫోను మోగిందనుకుని చెయ్యి జేబు మీద వేసుకుంటూ వెనక్కి జరిగాడు. జేబు ఖాళీ. ఫోను ఇంట్లో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అదే క్షణంలో పక్క సాంచా షటిల్ ఎగిరి ఆయన ముఖం ముందునుంచి పోయి గోడకు కొట్టుకుంది. గోడ పెచ్చు ఊడిపోయింది.

వాళ్లమ్మ ఏమన్నదని అడిగాను. నేను అప్పటికి ఇంట్లో జరిగింది చెప్పలేదు. లావణ్యా చెప్పలేదు.

"వెనుకకు జరుగుమన్నది" అన్నాడు.

సాంచాలు నడుస్తున్నప్పుడు ఆ కార్ఖానాలో మనం అరిస్తే మన అరుపు మనకే వినపడదు. అందుకే వాళ్లు చేతులతో సైగలు చేసుకుంటారు, మరీ దూరమైతే ఈల వేస్తారు. ఫోను మోగినా వణుకు తెలియాలే తప్ప చప్పుడు తెలియదు. సత్తయ్య పక్కనే ఉన్నాడు, అతనికి ఏ గొంతూ వినిపించలేదు. "అన్న ఊకెనే ఎనుకకు జరిగిండు. ఏందిరా అని చూసేటాల్లకే షటిల్ పాయె" అన్నాడు.

చాలామందిని అడిగాను. రోజూ ఆ గొంతు విని విని ఆయన చెవుల్లో నిలిచిపోయి ఉంటుందని కొందరన్నారు. సరే, ఒప్పుకుంటాను. మరి ఇంట్లో మేము ముగ్గురం విన్నదేమిటి? ఫోను పాడైందన్నారు. అదీ సరే. పాడైన ఫోనుకు కార్ఖానాలో షటిల్ ఎగరబోతోందని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న దగ్గరికి రాగానే అందరూ నిమ్మకాయల దగ్గరికే పోతారు. నాకు చిరాకెత్తి అడగడం మానేశాను.

మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. వారం తిరగకుండానే పాముల వీడియోల దగ్గరికి వచ్చాడు. పైగా ఫోను అలవాటే నా కన్ను కాపాడింది, జేబు తడుముకోబట్టే కదా వెనక్కి జరిగాను అని వాదన. సాంచాల దగ్గర మాత్రం ఫోను తీయడం లేదని సత్తయ్య చెప్పాడు. నాకు కావలసింది అదే. ఆయన రెండు కళ్లూ తెరిచి ఆ చెత్త చూస్తున్నప్పుడు తిట్టబోయి ఆగిపోతాను, ఒక్కోసారి ఏడుపొస్తుంది.

దండం పెట్టుకుందామంటే ఎవరికి పెట్టాలో తెలియడం లేదు. అత్తమ్మకు పెట్టబోతే "నేనన్లే పిల్లా" అని చేతులు వెనక్కి తీసుకుంది. తన గొంతు తనను అడగకుండా మాట్లాడిందని ఆమెకు కోపమో భయమో, ఆ యాప్ తీసేయించేదాకా ఫోను దగ్గర నోరు విప్పలేదు.

కానీ ఆ మర్నాటినుంచి, ఆయన పనికి బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే ఆమె చేతిలో పని వదిలేసి గడప దాకా వస్తుంది. "కొడుకా, వెనుకకు జరిగి నిలవడు" అని గల్లీ అంతా వినేట్టు చెబుతుంది. ఇప్పటికీ రోజూ చెబుతుంది. షటిల్ ఎగిరిన ఆ రోజు మాత్రం చెప్పలేదు.