చింపాంజీల అడవిలో వాన

ఉగాండా ట్రిప్ ఎలా జరిగిందని మా ఆయన్ని అడిగితే అద్భుతం అంటారు. ఆయనకేం, పొడిబట్టలతో తిరిగొచ్చారు. నా సంగతి నేను చెప్తా, టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తా.

మా శ్రీనివాస్‌కి చింపాంజీల పిచ్చి ఇవాళ్టిది కాదు. జూకి వెళ్దామంటే రారు. "అడవిలో, వాటింట్లో చూడాలి సుధా" అని ఏళ్ల తరబడి ఒకటే పాట. ఈ స్కూల్ హాలిడేస్‌కి నేను గుంటూరు వెళ్దామన్నాను, ఆయన ఉగాండా అన్నారు. మా అమ్మాయి నిత్య "డాడ్స్ ఐడియా ఈజ్ కూలర్" అంది. ఇంకేం, నా ఓటు పోయింది.

నేషనల్ పార్క్‌లో మా గైడ్ పేరు గ్రేస్. నెమ్మదస్తురాలు. మన జలుబులు చింపాంజీలకి అంటుకుంటాయట, అందుకని ముందే అందరికీ మాస్కులిచ్చింది. అరవొద్దు, పరిగెత్తొద్దు, దగ్గరికి వెళ్లొద్దు అని రూల్స్ చెప్పింది. చివర్లో చెట్టు కింద నిలబడటం గురించి కూడా ఏదో చెప్పింది. అప్పుడు నేను మోచేతులకి దోమల క్రీమ్ రాసుకుంటున్నాను, సరిగ్గా వినలేదు.

ఇక నడక. ఒకటే ఉక్క. కాలు పెడితే బురద, తీస్తే వేరు. "ఈపాటికి మా పిన్ని ఇంట్లో ఫ్యాన్ కింద గోంగూర అన్నం తింటూ ఉండేదాన్ని" అన్నాను. "మమ్, యూ ఆర్ స్కేరింగ్ ద చింప్స్" అంది నిత్య.

అప్పుడు వినిపించింది. ఎక్కడో దూరంగా ఒకటి "హూ, హూ" అని మొదలెట్టింది. ఇంకోటి అందుకుంది. చూస్తుండగానే అడవంతా ఒక్కసారి కేకలేసినట్టయింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నిజం చెప్తున్నా, నాకూ ఒళ్లు జలదరించింది.

గ్రేస్ మమ్మల్ని ఓ పెద్ద అత్తి చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. పైన కొమ్మల్లో నల్లగా నాలుగైదు కూర్చుని తీరిగ్గా పళ్లు తింటున్నాయి. ఒక తల్లి పొట్టకి పిల్ల కరుచుకుని ఉంది. దాని మొహం ఆకుల చాటున సరిగ్గా కనపడటం లేదు. చూడాలని ఒక అడుగు వేశాను. ఇంకో అడుగు వేశాను.

నుదుటి మీద ఒక చుక్క పడింది. గోరువెచ్చగా. తర్వాత గబగబా చాలా చుక్కలు.

ఇక్కడ మన ఊళ్లో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, వాన మొహం చూసి ఎన్నాళ్లయింది చెప్పండి. లాన్లన్నీ కొబ్బరిపీచులా ఉన్నాయి. పైగా పొద్దుట్నుంచీ ఆ ఉక్క. నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు మూసుకుని, మొహం పైకెత్తి, రెండు చేతులూ చాపాను.

"వాన పడుతోందండీ" అన్నాను.

"ఎంత హాయిగా ఉందో. మీరూ ఇటు రండి" అని కూడా పిలిచాను.

అప్పుడు నిత్య మెల్లగా, "మమ్, ఇట్స్ నాట్ రెయిన్" అంది.

"మరేంటే?"

"లుక్ అప్. యాక్చువల్లీ, డోన్ట్ లుక్ అప్."

అప్పటికే చూసేశాను. సరిగ్గా నా నెత్తి మీద కొమ్మకి ఓ పెద్ద మగ చింపాంజీ వేలాడుతూ, ఎటో చూస్తూ తన పని తను కానిస్తోంది. మాస్క్ ఉండబట్టి సరిపోయింది.

గ్రేస్ అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. మా ఆయనైనా జాలిపడతారేమోనని చూశాను. ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "కదలకు సుధా, పిల్ల నీ వైపే చూస్తోంది" అన్నారు.

తిరుగు ప్రయాణంలో జీపులో వెనక సీటంతా నాకే ఇచ్చారు. కిటికీలు తెరిచే ఉంచారు.

ఇంటికొచ్చాక చూస్తే ఆయన తీసిన ఫొటోల్లో ఆకులు తప్ప ఏమీ లేవు. బాగా వచ్చింది ఒక్కటే, నిత్య ఫోన్లోది. అందులో నేను కళ్లు మూసుకుని, చేతులు చాపి ఉన్నాను. దాన్ని పెద్దది చేయించి హాల్లో తగిలించారు తండ్రీకూతుళ్లు. మొన్న ఆదివారం పక్కవీధి ఆంటీ వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఎంత ప్రశాంతంగా ఉన్నావమ్మా. అంత పెద్ద అడవిలో వాన, ఎంత అదృష్టం" అన్నారు.

"అవునాంటీ" అన్నాను. "నా ఒక్కదాని మీదే పడింది."