ముగ్గుపిండి సోఫా

యుద్ధంలో మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకోని పారిపోయి వచ్చినప్పుడు, వాళ్లతో పాటు మా ముదలాళి, అంటే మా యజమాని గూడా చిత్తూరికి వచ్చినాడు. తర్వాత జనం మల్లా ఎనక్కి పోయినారు, ఈయన మాత్రం పోలేదు. బజారు వీధి చివర్లో ఒక అంగడి బాడిగకు తీసుకోని, ‘ఇండ్లకు లోపలి అలంకారం చేయబడును’ అని బోర్డు కట్టినాడు. ఆ బోర్డు చూసి మొదట్లో మా దగ్గరికి వచ్చినోళ్లంతా పెండ్లికి అరిటిచెట్లు కట్టమనేవాళ్లు, లేదంటే బొమ్మల కొలువుకు మెట్లు చేసిమ్మనేవాళ్లు. మద్రాసులో పెద్ద పెద్ద బంగళాల్లో పనిచేసి వచ్చిన మనిషి ఆయన. అరిటిచెట్టు మాట వింటే మొహం మాడ్చుకునేవాడు.

మద్రాసులోనే బొమ్మలు గీసే చదువు చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో తిని కూర్చోని ఉన్న నన్ను ఆయన పనికి పెట్టుకున్నాడు. ఆయన, నేను, కొయ్యపని చేసే ఆచారి. ఇంతే మా కంపెనీ. మాట్లాడేది ముదలాళి, గీసేది నేను, చేసేది ఆచారి. కోపం మాత్రం అంతా నాదే, దాంట్లో వాళ్లిద్దరూ వాటా అడగలేదు.

కోపం రాకుండా ఎట్లుంటాది చెప్పండి. గదిని పైనుంచి చూస్తే ఎట్లుంటాదో అట్ల నేను కాయితం మీద గీస్తాను గదా. కుర్చీ అంటే ఒక చదరం, సోఫా అంటే ఒక పొడుగు చదరం. ఒక బియ్యం మండీ ఆయన నా కాయితాన్ని తలకిందులుగా పట్టుకోని శానా సేపు చూసి, “బాగుండాదప్పా, పొలం కయ్యిలు బాగా పంచినావు” అన్నాడు. ఇంకొకాయన కుర్చీలకు కాళ్లేవి అని అడిగినాడు. పైనుంచి చూస్తే కాళ్లు కనపడవు అని చెప్తే, “నేనేంటికి పైనుంచి సూస్తా, నేనేమన్నా కాకినా” అన్నాడు. “కాకైతే ఈ పాటికి అర్థమయ్యుండు” అని నేను అననే అన్నాను. ఆ పని మాకు రాలేదు.

ఆ పొద్దు ముదలాళి నన్ను తిట్టి తిట్టి అలిసిపోయి, కాఫీ తాగి, ఒక ఉపాయం చెప్పినాడు. ఇంక కాయితం వద్దు. ఇంటికే పోయి, నేల మీద ముగ్గుపిండితో నిజం కొలతకు సోఫా, కుర్చీలు గీసి చూపిద్దాము. వాళ్లు చుట్టూ తిరిగి చూసుకుంటారు, వద్దంటే తుడిచేసి పక్కకు జరిపి గీస్తాము. ఒప్పుకోను నాకు మనసు రాలేదు గాని, ఆ ఉపాయం పనిచేసింది. దాంతో ఆయనకు అది వేదమయిపోయింది. “కాయితం మాట వినొద్దు. నేల మీద ఏముంటే అదే పని” అని దినామూ మాకు పాఠం చెప్పేవాడు.

ఇంట్లో నా పరువు పోయింది. “ముగ్గులెయ్యను మద్రాసుకు పోవాల్నా రా, మీ అమ్మ ఊరికే నేర్పిచ్చుండునే” అన్నాడు మా నాయన. మా అమ్మ ఊరుకుంటాదా, “రేప్పొద్దన మన వాకిట్లో గూడా ఒక సోఫా వెయ్యి నాయనా, అందరూ సూసి పోతారు” అనింది.

అట్లాంటప్పుడు మాకొక పెద్ద పని వచ్చింది. పూతలపట్టు దాటినాక దావ దిగి లోపలికి పోతే ఒక పల్లె. ఆ పల్లెలో ఒక పెద్ద రైతు, ఊరంతా పెద్దాయన అంటారు. శిస్తు లెక్కలు చూసే జమాబందికి వచ్చిన ఆఫీసరు ఎవరో వాళ్లింటికి పోతే, కూర్చోబెట్టేదానికి నులకమంచం తప్ప ఏమీ లేదంట. ఆఫీసరు మనిషి బరువు, మంచం నులక పాతది. ఆయన దాంట్లో కుంగిపోయి మోకాళ్లు గడ్డానికి తగిలితే, చెరొక పక్కా పట్టుకోని పైకి లాగినారంట. ఆ అవమానం పెద్దాయనకు మనసులో నుంచి పోలేదు. ఖర్చెంతయినా మద్రాసు మాదిరి హాలు కావాలని మమ్మల్ని పిలిపించినాడు.

హాలు పెద్దదే. నేలంతా నల్లటి కడప బండలు, ముగ్గు గీస్తే తెల్లగా కొట్టొచ్చినట్ల కనపడతాది. వెలుతురొచ్చేది మాత్రం తూరుపు పక్క ఉండే ఒక్క కిటికీ నుంచే. నేను వంగి సోఫా గీసినాను, పెద్ద కుర్చీలు గీసినాను, నడుమ టీపాయి గీసినాను. పెద్దాయన చేతులు ఎనక్కి కట్టుకోని వాటి చుట్టూ తిరిగి, “ఇప్పుడు రమ్మను ఆ ఆఫీసర్ని” అన్నాడు.

పెద్దాయన తల్లి, ఆ ఇంటి అవ్వ, గోడకు ఆనుకోని వక్కాకు దంచుకుంటా ఉండింది. తలుపు చాటున కోడలు. ఆ యమ్మి పుట్టిల్లు నగరి. హైస్కూలు దాకా చదివింది, మొగుడు పట్టాళంలో గుమాస్తా పనికి పోయినాడు. కోడలు మామతో నేరుగా మాట్లాడే వాడుక లేదు గాబట్టి, అవ్వతో అన్నట్ల మామకు వినపడేటట్ల చెప్పింది.

“అవ్వా, ఆ కిటికీ కాడ నాకొక చిన్న కుర్చీ చెప్పమను. వంటింట్లో పొగ, నా గదిలో చీకటి. పుస్తకం చదువుకోను ఈ ఇంట్లో వెలుతురు ఆ ఒక్క చోటే ఉండాది.”

పెద్దాయనకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. అది ఇంకా ఘోరం. “ఆడోళ్లకు హాల్లో కుర్చీ ఏంటికి? ఆఫీసర్లు వొచ్చే సోటు. సాప ఉండాది గదా, గదిలో ఏసుకోని సదువుకోమను” అన్నాడు. గదిలో చీకటి అనే గదయ్యా ఆ పిల్ల చెప్పింది అని నేను నోరు తెరిచినాను. ముదలాళి నా కాలు గట్టిగా తొక్కినాడు. చిత్తూరు చేరేదాకా నా కడుపు మండతానే ఉండింది, కాలు గూడా నొప్పి తగ్గలేదు.

పనికి ఒప్పుకున్నాము గాని కొయ్య యాడ ఉండాది? యుద్ధం పేరు చెప్పి మంచి టేకంతా పట్టాళమోళ్లు ఎత్తుకోని పోతా ఉండారు. ఈ నెల, వచ్చే నెల అంటా ముదలాళి కబురు పంపిస్తానే వచ్చినాడు. చివరికి ఎట్లనో కొయ్య దొరికింది. కోసే ముందర ఇంకొకసారి కొలుచుకోని రావాలని ముగ్గురం బయల్దేరినాము. అప్పుడు పెట్రోలు లేక బొగ్గు బస్సులు. మిట్ట వచ్చినప్పుడల్లా దిగి తోస్తా, బస్సును మేమే పూతలపట్టుకు తీసుకోని పోయినామని చెప్పాల.

ఆ ఇంట్లోకి అడుగు పెట్టినాను గదా, ఎవరో “తొక్కద్దు, తొక్కద్దు” అని అరిచినారు. కిందికి చూస్తే నా కాలు టీపాయి అంచు మీద ఉండాది.

నేను గీసిన గీతలు ఇన్ని నెలలయినా అట్లనే ఉండాయి. కంపెనీవోళ్లు మద్రాసు లెక్కతో గీసిన గీతలు, చెరిగిపోతే పని చెడిపోతాదని పెద్దాయన హుకుం వేసినాడంట. పొద్దన్నే కసువు చిమ్మితే ముగ్గు పోతాది గదా, చిమ్మినాక మల్లా వేసే పని కోడలికి అప్పజెప్పినాడు. ముగ్గు అనేటప్పటికి ఇంక ఎవరూ దాన్ని తొక్కరు. పనోళ్లు సోఫాను చుట్టి పోతా ఉండారు. పెద్దాయన, కుర్చీ గీసిన చదరంలో చాప వేసుకోని, చేతులు రెండు పక్కలా ఆనించుకున్నట్ల గాల్లో పెట్టి కూర్చోని ఉండాడు. ఊరి కరణం సోఫా లోపల కూర్చోని ఉండాడు. గుత్తకు చేసే రైతులు గీతకు బయట కూర్చోని ఉండారు. వాళ్లలో ఒకాయన మాటల్లో పడి రవ్వంత ముందుకు జరిగితే, “సోఫా ఎక్కుతావేమి రా” అని గదమాయించినాడు పెద్దాయన. నాకు నవ్వు ఆగక గోడ పక్కకు తిరుక్కోని దగ్గినాను.

ఆచారి టేపు తీసినాడు. సోఫా దగ్గర కొలిచి, నా మొహం చూసి, మల్లా కొలిచినాడు. అది నేను గీసిన సోఫా గాదు. దినామూ పాత గీత మచ్చ మీద తొక్కకుండా బయట నుంచి కొత్త గీత వేస్తే ఏమవతాది? రవ్వంత రవ్వంత పెరగతాది. నాలుగు మూలలా పువ్వులు గూడా పూసినాయి. సోఫా ఒక్కటే గాదు, కుర్చీలు పెరిగినాయి, టీపాయి పెరిగింది. “మొదట కొలిచి రాసుకున్న కాయితంలో ఇట్ల లేదే” అన్నాను. ముదలాళికి పూనకం వచ్చింది. “మల్లా కాయితం అంటావు. నేల మీద ఏముంటే అదే పని అని ఎన్ని సార్లు చెప్పాల నీకు?” అని అందరి ముందరా నన్ను కడిగేసినాడు. సరే, కొలుచుకో ఆచారీ, నాకేం పోయె అనుకున్నాను.

అప్పుడు చూసినాను. కిటికీ దగ్గర ఒక చిన్న చదరం. దాని నడుమ ఒక తామరపువ్వు. అది నేను గీసింది గాదు.

ఆ చిన్న చదరం వంకర పోలేదు, పెరగనూ లేదు. నాలుగు పక్కలా గీత పెట్టి గీసినట్ల ఉండాది. అందరూ దాన్ని గూడా చుట్టి పోతా ఉండారు. నేను చూస్తా ఉండగానే పెద్దాయన లేచి వంటింటి పక్కకు పోతా, ఆ చదరం దగ్గర పంచె ఎత్తి పట్టుకోని, జాగ్రత్తగా చుట్టి పోయినాడు. పోతా పోతా దాని మీద కాలు పెట్టబోయిన పాలేరును “కండ్లు కనపడవా” అని తిట్టినాడు గూడా.

తలుపు చాటు నుంచి గొంతు వచ్చింది. “అన్నా, ఆ కిటికీ కాడిది చిన్నదే. కొయ్య ఎక్కువ పట్టదు.”

అవ్వ రోట్లో వక్కాకు దంచేది నిలిపి నా పక్క చూసింది. నేను ఆచారితో, “అది గూడా కొలువు” అన్నాను. చిత్తూరికి వచ్చినాక అంగట్లో ముదలాళి కొలతలు చూసి ఇదేంది ఈ చిన్నది అని అడిగితే, “నేల మీద ఉండింది” అన్నాను. ఉంటే చెయ్యాల్సిందే అన్నాడాయన.

సామానంతా తయారయినాక ఎద్దుల బండ్ల మీద వేసుకోని పోయినాము. ఊరు ఊరంతా వచ్చింది. సోఫాను దించి మోసుకోని పోతే ద్వారబంధంలో పట్టలేదు. పక్కకు తిప్పితే పట్టలేదు, నిలువుగా లేపితే పైకొయ్యకు తగిలింది. కుర్చీలు అంతే. టీపాయి మీద ఇద్దరు మనుషులు పడుకోవచ్చు, అది గూడా గడప దగ్గరే నిలిచిపోయింది. “మద్రాసులో ఏనుగులు కూసుంటాయేమప్పా దీని మీద” అన్నాడు పెద్దాయన. విప్పితే కీళ్లు మల్లా నిలబడవని ఆచారి తల అడ్డంగా తిప్పినాడు. ముదలాళి చెమటలు తుడుచుకుంటా, ద్వారబంధం పెరికేస్తే లోపలికి పోతాదని చెప్పినాడు.

అవ్వ వచ్చి గడప మీద కూర్చునింది. “ఈ గడపకు మా అత్త పసుపు పూసింది, నేను పూస్తా ఉండా. ముందర నన్ను పెరికి, ఆ తర్వాత దీన్ని పెరకండి” అనింది. దాంతో ఆ మాట అయిపోయింది. సోఫా, కుర్చీలు, టీపాయి అన్నీ బయట పంచలోనే దిగినాయి. ముదలాళి నా పక్క చూస్తే నేను ఆకాశం పక్క చూసినాను. నేల మీద ఏముంటే అదే పని అన్నది నేనా?

బండిలో చిన్న కుర్చీ ఒకటి మిగిలింది. ఆచారి దాన్ని ఒంటి చేత్తో ఎత్తుకోని, అవ్వ పక్కన రవ్వంత జరిగితే, లోపలికి పోయి కిటికీ దగ్గర పెట్టి వచ్చినాడు. తామరపువ్వు మీద సరిగ్గా కూర్చునింది అది.

పెద్దాయన ఎనకాలే పోయి చూసినాడు. “ఇది ఎవరు సెప్పినారు?” అన్నాడు. ముదలాళి ఆచారి ఎనక్కి జరిగినాడు. నేను గూడా భయపడినాను, నిజం చెప్తా ఉండాను. పని పోతాదని గాదు. ఆ కుర్చీని మల్లా బండెక్కిస్తే ఆ పిల్ల ఇంకొకసారి అడగదని.

అవ్వ గడప మీద నుంచే మాట్లాడింది. “ఎవురు సెప్పేదేంది రా? ఇన్నాళ్లూ దాన్ని సుట్టి పోతా ఉంటివి గదా. పాలేరు తొక్కితే తిడితివి గదా. అప్పుడు కుర్చీ అని తెలిసింది, ఇప్పుడు తెలీలేదా?”

పెద్దాయన కుర్చీని చూసినాడు. అవ్వను చూసినాడు. చూడను ఇంకేమీ లేక మమ్మల్ని చూసినాడు. “కూసోమ్మా, ఎట్లుండాదో సూద్దాం” అని అవ్వ లోపలికి కేక వేసింది. ఆ యమ్మి చేతిలో పుస్తకంతోనే వచ్చింది. తల వంచుకోని కూర్చునింది. కాళ్లు నేలకు సరిగ్గా ఆనినాయి. ఎండ వచ్చి పుస్తకం మీద పడింది. నాకు ఎంత సంతోషమయిందంటే, ముదలాళి కాలు నేనే తొక్కినాను.

పెద్దాయన పంచలోకి పోయి సోఫా ఎక్కినాడు. ఎక్కినాడనే చెప్పాల, కాళ్లు కిందికి అందలేదు. కరణం ఆయన పక్కన, చేయి చాపినా అందనంత దూరంలో కూర్చున్నాడు. రైతులు గూడా ఒకరొకరే వచ్చి కూర్చుంటే ఎవరూ అడ్డం చెప్పలేదు, అంత చోటు ఉండింది దాంట్లో.

మధ్యాన్నం మమ్మల్ని భోజనానికి ఉండమన్నారు. వంటింటికి పోవాలంటే హాల్లో నుంచే పోవాల. హాలంతా ఖాళీ, ఆ ఒక్క కుర్చీ, దాంట్లో ఆ పిల్ల. ముందర పెద్దాయన, ఎనక మేము. మామను చూసి ఆ యమ్మి గబుక్కున లేవబోయింది. “కూసో, కూసో” అన్నాడు పెద్దాయన. అని, పంచె ఎత్తి పట్టుకోని, దినామూ పోయినట్లే ఆ కుర్చీని చుట్టి పోయినాడు.