ఆడని ఆటకు డ్రా

ఒక్క కాగితానికి నూటికి నూరు మార్కులు వేసి, మరిపెడ కబడ్డీ ఆడపిల్లల జట్టును సగం దారి నుంచి వెనక్కి పంపిన ఘనత నాది. అప్పుడు నాది చిన్న వయసు. డెబ్బై ఒకటి. ఇప్పుడు డెబ్బై రెండు నిండాయి, బుద్ధి వచ్చిందనే అనుకుంటున్నాను.

హన్మకొండలో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. జవాబు సరిగ్గా ఉన్నా మధ్యలో ఒక మెట్టు రాయకపోతే మార్కు కోసేదాన్ని. సాయంత్రాలు గ్రౌండులో కబడ్డీ స్కోరు రాసేదీ నేనే. అందుకే మా చెల్లెలి బిడ్డ స్వప్న ఒకరోజు సుబేదారిలోని తన ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది.

“పెద్దమ్మా, ఇది జర చదివి మార్కులెయ్యి. తప్పులుంటే మొహమాటపడకు.”

“నేనెప్పుడు పడ్డనే?”

అదొక సూచనల కాగితం. స్వప్న వాళ్లు ఆటల స్కోర్లు తెచ్చిచ్చే పనిముట్టు ఒకటి తయారుచేశారు. దాన్ని వాడేది మనుషులు కాదు, ఏఐ ఏజెంటు. మన తరఫున వివరాలు కనుక్కుని, అందరికీ సందేశాలు పంపే కంప్యూటర్ గుమాస్తా అనుకోండి. ఆ గుమాస్తా మొదట ఈ కాగితం చదువుకుని, అందులో ఉన్నట్టే నడుచుకుంటుందట. హన్మకొండలో జరిగే ఆడపిల్లల కబడ్డీ పోటీల్లో దాన్ని తొలిసారి పెడుతున్నారు.

ఎర్ర పెన్ను తీసి చదివాను. ‘స్కోరు అడిగితే రెండు జట్ల పాయింట్లు వస్తాయి. ఎక్కువ ఉన్న జట్టు గెలిచినట్టు. సమానమైతే డ్రా. ఫలితం వెంటనే రెండు జట్లకూ తెలపాలి.’ ముత్యాల్లాంటి వాక్యాలు! నూటికి నూరు వేసి సంతకం పెట్టాను. అంతటితో ఊరుకున్నానా? పోటీలకు వచ్చే జట్ల వాళ్లందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడు నయం, కనీసం కుందేలును పట్టుకున్నాడు. నేను దాన్ని చూడకుండానే నాలుగు కాళ్లూ ఉన్నాయని రాసిచ్చాను.

పోటీల రోజు మరిపెడ జట్టు ఆట నాలుగింటికి. డ్రా అయినా చాలు, ఆ ఒక్క పాయింటుతో మర్నాటి సెమీస్‌కు పోతారు. రాకపోతే ఓడినట్టే, ఇంటికే. మూడింటికి స్కోరు బల్ల దగ్గర కూర్చుని వాళ్ల పీటీ సారు యాదగిరికి ఫోన్ చేశాను. వాడు ఒకప్పుడు నా శిష్యుడే.

“ఎక్కడిదాంక వచ్చిండ్రు యాదగిరీ?”

“తొర్రూరుల ఉన్నం టీచరమ్మా. మిర్చిబజ్జీలు తింటున్నం.”

“ఇంకా తొర్రూరేనా!”

“వర్ధన్నపేట దాంక వచ్చి మళ్లినం గద. మ్యాచ్ డ్రా అయిందని మెసేజ్ వచ్చె. రెండు జట్లకూ అభినందనలని గూడ ఉన్నది.”

“ఆడకుండ డ్రా ఎట్లయితదిరా?”

“మాకూ గదే డౌటొచ్చింది. కానీ మీరు నూటికి నూరేసిన మిషనాయె. నాకు పదో తరగతిల ముప్పై ఐదు గూడ ఎయ్యకపోతిరి!”

ఏడుగురు కలిసి పట్టేసిన రైడరులా నాకు ఊపిరాడలేదు.

“బజ్జీలు చేతులనే పట్టుకొని బండెక్కుండ్రి! తప్పు నాదే. తిట్టేదుంటే వచ్చినంక తిట్టు!”

ఈలోగా స్వప్న పరుగెత్తుకొచ్చి ఫోన్ చూపించింది.

“మొదలుగాని ఆటకు స్కోరు సున్నా, సున్నా. రెండూ సమానమే గద పెద్దమ్మా. సమానమైతే డ్రా. కాగితంల ఉన్నట్టే చేసింది.”

“ఆట అయిపోయిందో లేదో చూసుకోవద్దానే?”

“చూసుకోవాల్నని మనం ఎక్కడ రాసినం?”

నిజమే, ఆ వాక్యం కాగితం మీద ఎన్నడూ లేదు. ఉన్నది నా తలలో. ముందు విజిల్, తర్వాత కూత, ఆ తర్వాతే స్కోరు. ఏళ్ల తరబడి చూసిన వరస కాబట్టి, లేని మెట్టును నేనే వేసుకుని ఎక్కేశాను. కబడ్డీ ముఖం చూడని ఆ గుమాస్తా సరిగ్గా అక్కడే కాలు జారింది. తెలియనిదైతే ఎవరినైనా అడుగుతాం. తెలిసిందే కంటికి కనబడదు. పిల్లల జవాబుల్లో ఇలాంటి మెట్లు వెతికి జీవితం గడిపినదాన్ని, నా తలలో ఒకటుందని తెలుసుకోవడానికి డెబ్బై ఒక్క ఏళ్లు పట్టింది.

తెలిసిరావడం బాగానే ఉంది, నాలుగయింది. పొద్దుటి నుంచీ గ్రౌండులోనే ఉన్న ఎదుటి జట్టు కోర్టులోకి దిగింది. మరిపెడ వాళ్లు లేరు.

“ఆగండి, గీతలు కొలవాలి” అన్నాను.

టేపు తెప్పించి ప్రతి గీతనూ కొలిచాను. మళ్లీ కొలిచాను. అనుమానంగా ఉందని మూలలు కూడా కొలిచాను. నిర్వాహకులు తలలు పట్టుకున్నారే కాని, ఒక్కరూ శంకించలేదు. నా సంగతి ఊరంతా ఎరిగిందే. మూడోసారి టేపు పరుస్తుండగా మరిపెడ వాళ్ల తూఫాన్ బండి వచ్చి ఆగింది. పిల్లలు నూనె చేతులు తుడుచుకుంటూనే కోర్టులోకి దూకారు.

ఎలా ఆడారంటారా? ప్రాణం పెట్టి ఆడారు. చివరి విజిల్ మోగింది. స్కోరు ముప్పై ఒకటి, ముప్పై ఒకటి.

పిల్లలు సెమీస్‌కు చేరామని గంతులు వేస్తుంటే యాదగిరి చెమట తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“టీచరమ్మా, డ్రా అని మిషన్ రెండింటికే చెప్పె గద. మీరే ఉత్తగ ఉరికిచ్చిండ్రు!”

అందుకని ఎర్ర పెన్ను చేతబట్టి, గీతలు కొలిచిన టేపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికుండగా ఏ కాగితానికీ నూటికి నూరు వెయ్యను. మీరు చదివిన ఈ కాగితానికీ తొంభై తొమ్మిదే. ఆ ఒక్క మార్కు ఎక్కడ కోశానని అడగకండి. నాకే కనబడితే, అది కూడా రాసేదాన్ని కదా!