తొంభై ఒక్క మిల్లీమీటర్ల గీత

ఆ పక్షుల కేంద్రంలో ఆయనను అందరూ మిల్లీమీటరు మావయ్య అనేవారు. అక్కడ పెంచే నీటిపక్షుల్లో ఆడా మగా ఒకే రంగు, ఒకే కూత. తేడా తల పొడవులోనే. పక్షిని గుడ్డసంచిలో చుట్టి, ముక్కు కొన నుంచి తల వెనుక ఎముక దాకా కాలిపర్‌తో మూడుసార్లు కొలిచి, సగటు రాసేవాడు. తొంభై ఒక్క మిల్లీమీటర్లు దాటితే మగ, లోపలైతే ఆడ. ఆ గీతను పద్దెనిమిదేళ్ల క్రితం ఆయనే, నమూనాల గదిలోని అరవై ఎండిన పక్షిచర్మాలను కొలిచి నిర్ణయించాడు. రక్తపరీక్ష మాట ఎత్తితే, మావయ్య ఉండగా అదెందుకనేవారు.

"చొక్కా కొలత అడిగితే దర్జీ ముందు నీళ్లు నములుతారు. పిట్ట సంగతి మాత్రం చుక్కతో సహా చెబుతారు," అని భార్య దెప్పేది.

మగవి ఎక్కువయ్యాయని ఆయన లెక్క తేల్చడంతో, కిందటేడు పెద్ద తలలున్న నాలుగింటిని దూరపు సరస్సులో వదిలేశారు. అవి మళ్లీ కనిపించలేదు. మిగిలిన పన్నెండింటిని ఈ ఏడు ఆరు జంటలుగా కూర్చి, చెరువు మధ్య దిబ్బ మీద విడిచారు. తెలిసినంతవరకూ ఆ జాతిలో మిగిలినవి అవే.

నెల తిరగకుండానే, పక్షుల ఆలనాపాలనా చూసే ఆవిడ పరుగున వచ్చింది.

"మావయ్యగారూ, నోరు తీపి చెయ్యాలి! మూడో గూట్లో నాలుగు గుడ్లు!"

"రెండేగా పెట్టేది?"

"అడక్కుండా ఇస్తే లెక్కలడుగుతారేంటండీ!"

ఆయన నవ్వలేదు. నాలుగు గుడ్లంటే ఇద్దరు తల్లులు.

నేరుగా నమూనాల గదికి వెళ్లి, కిందటేడు చనిపోయిన పక్షి చర్మాన్ని సొరుగులోంచి తీశాడు. అది బతికుండగా రిజిస్టరులో తాను రాసింది: 92.4, మగ. చర్మం కాలికి కట్టిన చీటీ మీద, దాన్ని కోసిన ఉద్యోగి రాసింది: అండాశయం ఉంది, ఆడ. ఆ రెండింటినీ ఇన్నాళ్లూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. కాలిపర్ పెట్టాడు. 90.8. మళ్లీ పెట్టాడు. అంతే.

ఎండితే చర్మం కుంచించుకుపోతుంది. గీత ఎండినవాటిది, కొలిచింది బతికున్నవాటిని. ఆ నిష్పత్తిలో గీతను 92.6కి జరిపి చూస్తే, దిబ్బ మీది ఆరు మగవాటిలో నాలుగు ఆడవే. సరస్సులో వదిలేసినవి నాలుగూ నికరమైన మగవి.

కేంద్రం అధికారి అంతా విని కళ్లజోడు తీశాడు.

"పట్టి మార్చలేమా?"

"ఇప్పుడు దిబ్బెక్కితే గూళ్లన్నీ వదిలేస్తాయండి. మంచి జంటలు రెండూ కూడా."

"గూళ్లయ్యాక?"

"మార్చడానికి మగవేవండీ? ఉన్నవి రెండే. జంట కట్టినవి మరోదాన్ని దగ్గరికి రానివ్వవు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"చెయ్యడానికేం లేదండి. మీకు తెలియాలని చెప్పాను."

పొదగడం మొదలైన ఇరవై ఆరో రోజున ఒక మంచి గూట్లో, మర్నాడు రెండోదాంట్లో పిల్లలు బయటికొచ్చాయి. మూడో గూటిలో తల్లులు రెండూ వంతులవారీగా పొదుగుతూనే ఉన్నాయి. ముప్పై రోజులు దాటాయి. నలభై దాటాయి.

గట్టు మీద దుర్భిణితో కూర్చున్న ఆయన పక్కన ఆవిడ చతికిలబడింది.

"చూళ్లేకపోతున్నానండీ. ఆ గుడ్లు తీసేద్దామా? పాపం, వాటికైనా తెలుస్తుంది."

"తీస్తే మళ్లీ పెడతాయమ్మా."

"మరెన్నాళ్లిలా?"

"అవే లేచేదాకా."

దిబ్బ మీద ఒక పక్షి లేచి పక్కకు జరిగింది. రెండోది వచ్చి, నాలుగు గుడ్లనూ ముక్కుతో ఒక్కొక్కటిగా జాగ్రత్తగా తిప్పి, రెక్కలు సర్దుకుని కూర్చుంది. ఆయన గడియారం చూసి పుస్తకంలో రాశాడు: నలభై ఒకటో రోజు, ఉదయం 6.40, వంతు మారింది.